అక్షరం లేని కార్డు

అన్నయ్యకు తమ్ముడు సింహాచలం దండాలు పెట్టి రాసుకునేది. నువ్వూ, వదినా, అప్పా, పిల్లలూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? ఈ ఏడు వానలు సమయానికి పడి వరి నాటే ఉభాలు ముగిశాయని రాశావు, మనసు చల్లబడింది.

ముందుగా ఒక మాట. ఉత్తరం వస్తే అరుగు మీద కూర్చుని పదిమందికీ వినపడేలా చదవడం నీ అలవాటు. దీన్ని అలా చదవకు. ఇక్కడి దాకా చదివేసి ఉంటే, మిగతాది తర్వాత చూద్దామని మడిచి జేబులో పెట్టుకుని పొలానికి పో. అక్కడ ఒక్కడివే చదువు.

నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగు నెలల్లో ఇంటి నుంచి వచ్చిన మొదటి ఉత్తరం అదే. బావ పంపిన బొమ్మకార్డు జ్యేష్ఠంలోనే చేరిందనీ, పొలం పనుల్లో పడి జవాబు ఆలస్యమైందనీ రాశావు. కార్డులో అడ్రసు తప్ప ఒక్క అక్షరమైనా లేదట, అయినా ఊరంతా వచ్చి ఆ సముద్రాన్నీ ఆ మేడల్నీ చూసిపోతోందట. మొగుడి గురించి మన అప్ప అన్న మాట అన్నట్టే రాశావు: "ఆయనకి రాత రాదు గదేటి, బొమ్మతోనే కబురెట్టినాడు." దాన్ని దేవుడి పటాల పక్కన అంటించి రోజూ బొట్టు పెడుతోందని కూడా రాశావు.

ఆ కార్డు బావ పంపింది కాదు, అన్నయ్యా. బావ వైశాఖంలోనే పోయాడు.

వివరంగా రాస్తాను. రాత వంకర పోతే ఏమనుకోకు. యజమానుల తగాదాలో మా ఓడకు సీలు పడిందనీ, ఏజెంటు బావనీ నన్నూ సాన్ త్రోపే అనే ఈ పరాయి దేశపు రేవు ఊళ్ళో ఒక హోటలుకు కుదిర్చాడనీ చలికాలంలోనే రాశాను కదా. ఓడ మీద మా పని తుప్పు గోకి రంగు వెయ్యడమే కనుక ఇక్కడా అదే పని ఇచ్చారు. ఈ ఊరికి రంగు పని ఎప్పుడూ ఉంటుంది. ఒకప్పుడు ఇది మన బారువ లాంటి ఊరేనట, చేపలూ వలలూ తప్ప ఏమీ లేవట. పదేళ్ళ కిందట సినిమావాళ్ళు వచ్చి ఇక్కడ ఏదో తీశారు. అప్పటి నుంచి జనం తగ్గలేదు. తెర మీద చూసిన ఊరు ఎప్పుడొచ్చినా అలాగే ఉండాలి వాళ్ళకి. అందుకని ఏటా వేసవికి ముందే గోడలకి అదే పసుపు, కిటికీ తలుపులకి అదే నీలం వేస్తారు. రేవులో వలలు కూడా ఆరబెడతారు. వాటిలో చేప పడి ఎన్నాళ్ళయిందో ఆ సముద్రానికే తెలియాలి. మనం ఎండని తిట్టుకుంటాం, వీళ్ళు రైళ్ళెక్కి వచ్చి అందులో ఒళ్ళు కాల్చుకుంటారు. బావ పగలబడి నవ్వేవాడు: "ఒరే, మన సేలోకి తీసుకెళ్ళి కలుపు పీకిస్తే ఊరికే కాలుతారు గదరా!"

అబద్ధం ఎందుకు, ఊరు మాత్రం చాలా అందంగా ఉంటుంది. బావ పోయిన మర్నాడు పొద్దున్న రేవు వైపు చూస్తే అంతే అందంగా ఉంది. నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పటికీ రోజూ చూస్తూనే ఉన్నాను.

హోటలు మూడో అంతస్తు కిటికీ తలుపుకి రంగేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. నడుముకి తాడు కట్టుకోమన్నాను. "ఊగీ ఓడకే రంగేసినోణ్ణి, కదలని గోడకి తాడేటిరా?" అన్నాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఇక్కడ కాల్చడానికి వీలు లేదన్నారు. సముద్రం పక్క గుట్ట మీద సమాధులున్నాయి, అక్కడ మట్టి చేశాం. జనం సముద్రానికి దిగకముందే కానిచ్చెయ్యమన్నారు. కుండ దొరకలేదు. మెట్ల మీద పూలకుండీలో మన్ను తీసేసి, అడుగున ఎలాగూ చిల్లి ఉంటుంది కదా, నీళ్ళు పోసి భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరిగాను. తప్పో ఒప్పో పంతులుగారిని అడిగి చెప్పు. మిగిలిపోయిన తలుపుకి మర్నాడు ఇంకొకడు రంగేశాడు.

ఆ రోజే మీకు కబురు రాశాను. చావుకబురు కార్డు మీదే కదా రాస్తాం, ఇంట్లోకి తీసుకుపోకుండా వీధిలోనే చదివి చింపెయ్యడానికి. ఇక్కడ బొమ్మకార్డులు తప్ప వేరేవి లేవు. దాని వెనకే రెండు ముక్కలు రాసి, మన పద్ధతి ప్రకారం మూల చింపి, పోస్టు చెయ్యమని హోటలు యజమాని తల్లికి ఇచ్చాను. ముసలావిడ మంచిది. బావ కోసం నాతో పాటు ఏడ్చింది ఆవిడ ఒక్కతే. చిరిగిన మూల చూసి, దుఃఖంలో పొరపాటున చింపుకున్నాననుకుంది. ఇంగ్లీషులో ఉన్న అడ్రసు కొత్త కార్డు మీదికి ఎక్కించి, స్టాంపు అంటించి, పంపేసింది. తెలుగు ఆవిడకి ఏం తెలుసు? తన ఊరి బొమ్మ చిరిగి అంతదూరం పోకూడదనుకుందట. ఇంటికి అంత మంచి బొమ్మ చేరితే చాలనుకుందట. నిన్న నేను అడిగితే సొరుగు లాగి నా కార్డు తీసి చూపించింది, భద్రంగా దాచింది కూడా. ఆవిడ మీద ఎలా కోపం తెచ్చుకోను?

మీరు పలకకపోతే నేను ఇంకోలా అనుకున్నాను. బావని తోడు తీసుకెళ్ళి చంపుకున్నాడని నా మీద మండిపడుతున్నారనుకున్నాను. అది న్యాయమే అనిపించి మళ్ళీ రాయలేదు. ఈ నాలుగు నెలలూ తెలుగు మాట వినలేదు. నాతో నేనే మాట్లాడుకుంటుంటే వంటవాళ్ళు నవ్వుతారు. నా తిండికి లోటు లేదు, రొట్టె, చేప పెడతారు. పులుపూ కారం లేక నోరు చచ్చిపోయింది, అంతే. ఉత్తరపు గాలి మొదలైతే మూడు రోజులు వదలదు. బెంగ పడకండి, నేను బాగానే ఉన్నాను.

ఇక నువ్వు చెయ్యాల్సింది. అప్ప గౌరి పున్నమికి బావ పేరున ఉపవాసం ఉంటానంటోందని రాశావు. ఆ లోపే చెప్పు. వదినని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. గాజుల సంగతి ఊళ్ళోవాళ్ళని తొందరపెట్టనియ్యకు, ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటే ఎవరి సొమ్ము పోతుంది? గోడ మీది కార్డు మాత్రం నువ్వే తియ్యి. అందులో రేవు ముందు పసుపు మేడ ఉంది చూడు. మూడో వరసలో ఎడమ చివరి కిటికీయే అది. అప్పకి ఆ మాట చెప్పకు.

పెద్దమావకీ, పిన్నికీ, అడిగినవాళ్ళందరికీ నా దండాలు చెప్పు. పిల్లల్ని బడి మానిపించకండి.

ఇక్కడితో ముగించేద్దామనుకున్నాను, కలం ఆగలేదు. అప్ప తప్పకుండా అడుగుతుంది, ఎలా పడ్డాడని. తాడు కట్టుకోమన్నానని పైన రాశాను, అది నిజమే. రాయనిది ఒకటుంది. నేను నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డాను. గోడ తప్ప నాకేమీ కనపడటం లేదు. "పైనుంచి ఏటి అగుపిస్తన్నాది బావా?" అని అరిచాను. బావ వెనక్కి తిరిగి సముద్రం చూశాడు. "అబ్బ, ఏటుందిరా ఊరు! అదిగో, మన కళింగపట్నం లైటౌసు లాగున్నాది, సూడు!" అని చెయ్యి వదిలి చూపించాడు.

నేను అడక్కపోతే బావ గోడవైపే ఉండేవాడు. ఇది అప్పకి దాచకుండా చెప్పు. విన్నాక కూడా మనసొస్తే, నన్ను దీవించమను.

మీ తమ్ముడు
సింహాచలం