ఉప్మా తిని వెళ్ళిన ఆఫీసరమ్మ

గంగాలిన్,
ఆదివారం.

అమ్మకు పద్మ దండాలు పెట్టి రాసేది. తమ్ముడూ, అమ్మకి చదివేటప్పుడు మధ్యలో ముక్కలు మింగెయ్యకు. నేను బాగున్నాను, వేళకి తింటున్నాను. చలి మాత్రం ఎముకలు కొరికేస్తోంది. నీ మోకాలు ఎలా ఉందమ్మా?

ఇవాళ ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను. నేను గది అద్దెకు తీసుకున్న ఇంటి సరోజినీ ఆంటీ, అంకుల్ పోయాక ఒక్కతే ఉంటుందని చెప్పాగా, పోయిన నెల స్నానాల గదిలో పడింది. ఈ దేశంలో పెద్దవాళ్ళకి స్నానం చేయించడానికీ, ఇల్లు తుడవడానికీ గవర్నమెంటే మనుషుల్ని పంపిస్తుంది. ముందు ఒక ఆఫీసరమ్మ వచ్చి ఎంత సాయం కావాలో చూడాలి.

ఆవిడ వచ్చే రోజు ఆంటీ నా చేత గద్వాల్ చీర కట్టించుకుంది. వంటగట్టు పట్టుకుని నిలబడి జీడిపప్పు ఉప్మా చేసింది! ఆఫీసరమ్మ "స్నానం మీరే చేస్తారా?" అని అడిగితే, "ఓ, అన్నీ నేనే" అంది.

"ఆంటీ, నిన్న నేనేగా స్నానం..." అనబోయాను.

"నువ్వూరుకోవే! గడప తొక్కిన మనిషి ముందు మన గోడు వెళ్ళబోసుకుంటామా?" అని తెలుగులో గదిమింది.

ఆఫీసరమ్మ ఉప్మా మళ్ళీ పెట్టించుకుంది. స్నానాల గదిలోకి తొంగి కూడా చూడలేదు. ఆంటీని ఒకసారి లేచి నడవమని అడగలేదు. ఇల్లు తుడిచే మనిషి చాలట, అదీ వరసలో ఆగాలట. స్నానానికి ఎవరూ రారు.

మెల్‌బోర్న్‌లో ఉన్న ఆంటీ కొడుక్కి ఫోన్ చేస్తే, "మా మమ్మీ స్ట్రాంగ్, నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు. టెన్షనట! నేను ఆఫీసులో ఉండగా ఆవిడ పడితే ఎవరు లేపుతారు? మన ఇంట్లో మొదట బడి మొహం చూసింది నేనే. ఇంత చదివీ ఆవిడకి ఒక మనిషిని తెప్పించలేకపోయాను.

"అంకుల్ ఇక్కడ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి బతికినన్నాళ్ళూ పన్ను కట్టారు. ఇది ముష్టి కాదు ఆంటీ, మీ హక్కు!" అని అరిచాను.

"ఈ నోటితో నీకు మొగుడెలా దొరుకుతాడే" అని నవ్వింది.

నేను పట్టుబట్టాక గురువారం ఇంకో ఆఫీసరమ్మ వస్తోంది. ఈసారి పాత నైటీయే, వంట లేదు అన్నాను.

"కాఫీ అయినా ఇవ్వకుండా ఎలా పంపుతామే?"

"నేనిస్తాను. మీరు కుర్చీ దిగితే ఇల్లు ఖాళీ చేసి పోతాను."

ఇంకా ఒప్పుకోలేదు.

నువ్వూ అంతే అమ్మా. మోకాలెలా ఉందంటే "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అంటావు. ఈసారి అలా రాయించకు. ఎక్కడ నొప్పో, నీళ్ళ బిందె ఎవరు మోస్తున్నారో చెప్పి రాయించు.

తాతయ్యకీ పెద్దమ్మకీ నా దండాలు. గురువారం ఆంటీ నోట నిజం వచ్చేట్టు దీవించు. ఆ తర్వాత నీ నోటా వచ్చేట్టు.

నీ కూతురు,
పద్మ