అనంతగిరి మీద, పొద్దున ఎనిమిదింటికి

విశాఖపట్నం,
12 అక్టోబరు 2025

ప్రియమైన బాపుకు,

దసరా నాడు "ఆ కారు ఉన్నన్ని రోజులు నీతోని మాట్లాడ" అన్నావు. మాట్లాడనన్నావు గానీ చదవనని అనలేదు కదా, అందుకే ఈ ఉత్తరం. చింపేసే ముందు ఒక్కసారి చదువు. అమ్మను మధ్యలోకి లాగుదామని చూశాను. "మీ తండ్రీబిడ్డల నడుమ పోస్ట్‌మ్యాన్ పని నాతోని కాదు" అని ఫోన్ పెట్టేసింది.

నీ కోపం కారు మీద కాదని నాకు తెలుసు. మన పక్కింటి రంజిత్ ఫోన్‌లో ఫొటో చూసి మన ముడిమ్యాల ఊరంతటికీ తెలిశాక చివరికి నీకు తెలిసింది. అది నా తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ బాపూ, ఈ కారు ఎలా పరిగెడుతుందో నీకు కాకపోతే ఎవరికి చెప్పను? చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతోంది!

నీలం రంగు స్పోర్ట్స్ సెడాన్. నా ముందు ఒకాయన నడిపి అమ్మేసిందే గానీ ఒంటి మీద ఒక్క గీత లేదు. చూడ్డానికి నాలుగు తలుపుల ఇంటి కారే. ఇంజను మాత్రం పందెం కారుదే. స్టీరింగ్ వెనక రెండు మీటలుంటాయి, వేలితో నొక్కితే గేరు మారుతుంది. నిన్న ఎస్తేర్‌ను ఎక్కించుకుని అరకు దారి పట్టాను. ఎస్తేర్ అంటే నా గదిలో ఉండే అమ్మాయి, మన మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్ పిల్లే. ఎస్.కోట దాటగానే ఘాట్ మొదలైంది. మలుపుకు ముందే గేరు తగ్గించి, తిరుగుతూ మెల్లగా యాక్సిలరేటర్ తొక్కితే కారు రోడ్డును పట్టుకుని పైకి లాగింది చూడూ, నేను నిజంగానే కేకలు పెట్టాను. ఎస్తేర్ ముందు ప్రార్థన చేసింది, నాలుగు మలుపులయ్యాక పాట అందుకుంది.

కటికి జలపాతం బోర్డు కనబడితే అటు తిప్పాను. కొంచెం పోగానే అంతా రాళ్లు. ఈ కారు పొట్ట నేలకు జానెడే ఎత్తు, కింద గీరుకుంది. నా ప్రాణం గీరుకున్నట్టయింది. కారు అక్కడే పెట్టి నడిచాం. నీళ్ల కింద తడిసి ముద్దయి వచ్చి, బొంగులో కాల్చిన చికెన్ తిన్నాం. సగానికి పైగా ఎస్తేరే తినేసింది.

ఒక్కసారి నా పక్కన కూర్చో బాపూ. తిట్టేది కూడా అప్పుడే తిట్టు.

నీ మొండి బిడ్డ,
ప్రగతి

ముడిమ్యాల,
19 అక్టోబరు

చిరంజీవి ప్రగతికి,

ఉత్తరం అందింది. చింపలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి మీ అమ్మ అడిగిందని.

ఇక్కడ వానలు తగ్గాయి. క్యారెట్ బాగా మొలిచింది.

కారు సంగతికి వస్తాను. ముప్పై ఏళ్ల నుంచి ట్రాక్టర్ నడుపుతున్నాను. ఎవరైనా తనంతట తాను "మంచిగ నడుపుత" అంటే నమ్మను, పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు నా జీపును చేవెళ్ల మార్కెట్‌లో అంతమ్మ టమాటా గంపల మీదికి ఎక్కించావు. ఇప్పటికీ నన్ను చూస్తే "బిడ్డ మంచిగున్నదా పటేలా, డ్రైవింగ్ బంద్ చేసిందా?" అని అడుగుతుంది.

మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. మందుల కంపెనీ ఉద్యోగం మానేసి, ఊళ్లు చూడవచ్చే జనాన్ని ఆ కారులో కొండల మీద తిప్పే పని పెట్టుకుంటావట. నిజమేనా? నిజమైతే నా మాట విను. నువ్వు నడపడం నేను చూస్తాను. బాగా నడిపావనిపిస్తే ఉద్యోగం మానేయి, అడ్డు చెప్పను. అనిపించకపోతే కారు అమ్మేసి బుద్ధిగా ఉద్యోగం చేసుకో. ఒప్పుకుంటే రోజూ, చోటూ నువ్వే చెప్పు. నీ గదికి మాత్రం రాను. అలిగిన మనిషి అలిగినట్టే ఉండాలి.

నీ బాపు,
మాణిక్యం

విశాఖపట్నం,
26 అక్టోబరు

ప్రియాతిప్రియమైన బాపుకు,

ఒప్పుకున్నా! ఉత్తరం చదివి మంచం మీద ఎగిరితే కింద ఇంటివాళ్లు పైకొచ్చి చూశారు.

నువ్వు విన్నది నిజమే. బుకింగులు ఎస్తేర్ చూస్తుంది, నేను నడుపుతా. అరకు, లంబసింగి, మారేడుమిల్లి. తొందరగా చేరడం కాదు బాపూ, దారిలో ఎక్కడ బాగుంటే అక్కడ పక్కకు తిరగడం, ఆగి చూడటం, మళ్లీ ఎక్కడం. ఆరేళ్ల నుంచి కంపెనీలో మాత్రల రంగు సరిగ్గా ఉందా లేదా అని చూస్తున్నా. ఈ పనిలో నేను చెడ్డదాన్నేమీ కాదు, కానీ సోమవారం వస్తుందంటే ఆదివారం నుంచే దిగులు. కొండ మీద ఆ దిగులు ఒక్కరోజు కూడా రాలేదు. నువ్వు వద్దంటే మాత్రం నిజంగానే అమ్మేస్తా. భయంగానే ఉంది, అయినా మాట ఇస్తున్నా.

చోటు, అనంతగిరి. పైన వ్యూ పాయింట్ దగ్గర. నవంబరు తొమ్మిది, ఆదివారం, పొద్దున ఎనిమిదింటికి. అక్కడి నుంచి నా పక్కన కూర్చుందువు గానీ.

కాలు నేల మీద నిలవని
ప్రగతి

ముడిమ్యాల,
2 నవంబరు

చిరంజీవి ప్రగతికి,

వస్తాను. అనంతగిరి నాకు కొత్త చోటేమీ కాదు. ఎనిమిదంటే ఎనిమిదే. మీ అమ్మకు చెప్పలేదు, చెబితే తనూ వస్తానని చీర మార్చుకుంటుంది.

మాణిక్యం

ముడిమ్యాల,
9 నవంబరు, సాయంత్రం

చిరంజీవి ప్రగతికి,

ముందు తీర్పు రాస్తాను, కోపం తర్వాత. బాగా నడిపావు.

ఏడున్నరకే గుట్ట మీదున్నాను. ఎనిమిదికి పది నిమిషాల ముందు కింద మలుపులో నీలం కారు కనబడింది. నువ్వు రాసినట్టే నేలకు జానెడు ఎత్తులో ఉంది. పై నుంచి మూడు మలుపులు చూశాను. ఎక్కడా తడబాటు లేదు. నా గుండె ఉప్పొంగింది బిడ్డా. పక్కన చాయ్ హోటల్ అంజిలయ్యతో "అగో, నా బిడ్డ వస్తున్నది" అన్నాను. హోటల్లో ఉన్నవాళ్లంతా బయటికొచ్చి చూశారు.

తువ్వాలు తీసి ఊపాను. ఎండ అద్దం మీద పడి లోపల నీ ముఖం కనబడలేదు. కారు నా ముందు నుంచే పోయింది. ఆగలేదు.

"మీ బిడ్డ ఆపలేదేంది పటేలా?" అని అంజిలయ్య అడిగాడు. "తిరిగొస్తది" అన్నాను. పన్నెండు దాకా కూర్చున్నాను. ఇన్నాళ్లు మాట్లాడనందుకు బదులు తీర్చుకున్నావేమో, తీర్చుకో. కానీ పదిమంది ముందు తీర్చుకుంటావని అనుకోలేదు.

నా మాట మీద నేను నిలబడతాను. ఉద్యోగం మానేయి.

మాణిక్యం

విశాఖపట్నం,
15 నవంబరు

బాపూ, బాపూ, నా బాపూ,

ఆ కారు నాది కాదు!

ఆ ఆదివారం నేను ఏడింటి నుంచి రెండింటి దాకా వ్యూ పాయింట్ దగ్గరే ఉన్నా. వచ్చిన ప్రతి బస్సులో నీ తువ్వాలు కోసం వెతికా. నువ్వు రాలేదని ఏడ్చా. గదికి వచ్చి ఐదు పేజీలు నిన్ను తిడుతూ రాశా. కోపం తగ్గేదాకా పోస్ట్ చెయ్యనివ్వనని ఎస్తేర్ ఆ కవరు దాచేసింది. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. "బాగా నడిపావు" అని చూసి నాకు తల తిరిగింది. ఎస్తేర్ లాక్కుని చదివి, కింద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది.

"గుట్ట అని రాసిండు జూడవే! మీ బాపు మన వికారాబాద్ అనంతగిరికి పోయిండు!"

నేను రమ్మన్నది అరకు దారిలో ఉన్న అనంతగిరికి బాపూ. ఈ పేరుతో ఇక్కడా ఒక కొండ ఉంది. మన చేవెళ్ల దిక్కు ఎవరిని అడిగినా అనంతగిరి అంటే వికారాబాద్ గుట్టే. ఆరేళ్లు ఇక్కడ ఉండి నాకు ఆ సంగతే గుర్తుకు రాలేదు. కొత్త చోటేమీ కాదని నువ్వు రాసినప్పుడైనా, బాపు అరకు దారి ఎప్పుడు చూశాడని అనుమానం రావాల్సింది. రాలేదు.

ఇంకో నిజం చెప్పాలి. రెండు రోజులు నోరు మూసుకుందామనుకున్నా. ఉద్యోగం మానేయి అని నీ చేతిరాతలో ఉంది, అంతకన్నా నాకేం కావాలి? రాజీనామా టైప్ చేశా కూడా. పంపబోతే చెయ్యి ఆడలేదు. నువ్వు పదిమందికీ చూపించి మురిసిపోయింది ఎవరినో చూసి. ఆ మెప్పు నాది కాదు.

మళ్లీ రా. ఇరవై మూడో తేదీ ఆదివారం. రైలెక్కి విశాఖలో దిగు, స్టేషన్ బయటే ఉంటా. గదికి వద్దు, నేరుగా కొండకే పోదాం. నీ అలకకు వచ్చే నష్టమేమీ లేదు.

నిన్ను చూసి ఆగకుండా ఎన్నడూ పోలేని
ప్రగతి

ముడిమ్యాల,
27 నవంబరు

ప్రియమైన బిడ్డకు,

ఆదివారం సాయంత్రం నన్ను రైలెక్కిస్తూ తీర్పు కోసం నా ముఖం చూస్తూ నిలబడ్డావు. నేను కిటికీ పక్కకు తిరిగి కూర్చున్నాను. కారు ఉన్నన్ని రోజులు మాట్లాడనన్న మాట ఉంది కదా, అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

దారంతా నలిగింది పాపం వెనక సీటులో ఎస్తేర్. "ఎస్తేర్, జర చెప్పు ఆమెకు, ముంగట బస్సు ఉన్నది" అని నేను. "ఎస్తేర్, చెప్పు బాపుకు, నాకు కండ్లున్నయ్" అని నువ్వు. ఆఖరికి ఆ పిల్ల "ఇద్దరూ నాకు కిరాయి ఇయ్యాలె" అంది.

ఘాట్ ఎక్కుతుంటే ఒళ్లు జల్లుమంది. లోయలో మబ్బులు మనకన్నా కింద ఉన్నాయి! ఈ వయసులో ఈల వేయాలనిపించింది, నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. కాఫీ తోటల్లో చెట్లకు పాకిన మిరియాల తీగను నేను తలతిప్పి చూడగానే నువ్వు కారు పక్కకు తీశావు. నేను అడగలేదు. ఆ తీగ గురించి రోజూ మీ అమ్మకు చెబుతున్నాను.

ఇక తీర్పు. అబద్ధం రాయను. ఆ నీలం కారు ఎవరిదో గానీ, నీకన్నా బాగా నడుపుతారు. నాలుగో మలుపులో నువ్వు బ్రేక్ ఆలస్యంగా వేశావు. నా కాలు కింద లేని బ్రేక్‌ను తొక్కుతుంటే చూసి, చూడనట్టు ఉన్నావు.

గాలికొండ దగ్గర మబ్బు రోడ్డు మీదికి దిగింది. పది అడుగుల అవతల ఏమీ లేదు. నువ్వు వెడల్పున్న చోట కారు పక్కకు తీసి, లైట్లు వేసి, ఇంజను ఆపేశావు. వెనక జీపు అతను తల బయటపెట్టి "ఏటమ్మా, ఇంత కారేసుకుని భయమేటి?" అని నవ్వాడు. జీపులోని జనమంతా నవ్వారు. నాకు రోషం వచ్చింది. నువ్వు మాత్రం "భయమే అన్నా, లోపట మా బాపు ఉన్నడు" అన్నావు. అరగంట కూర్చోబెట్టావు. ఎస్తేర్ తెచ్చిన పులిహోర తిన్నాం.

ఎవరైనా అలా నవ్వితే ఈ ముప్పై ఏళ్లలో నేను ఒక్కసారి ఆగలేదు. ట్రాక్టర్‌ను బురదలో దింపాను గానీ ఆగలేదు. బండి వేగంగా నడిపేవాళ్లను చాలామందిని చూశాను. నలుగురు నవ్వుతుంటే ఆపి కూర్చునేవాళ్లను చూడలేదు. నిన్ను చూశాను.

ఇది అందగానే ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. మాణిక్యం మాట తప్పాడని ఊళ్లో ఎవరైనా అంటే అననీ.

గుట్ట మీద చూసిన ఆ కారులో నేను మీ అమ్మను ఎక్కించను. నీ కారులో ఎక్కిస్తాను. ఉద్యోగం మానేయి బిడ్డా.

నీ పక్క సీటులో కూర్చున్న
బాపు