ఆకుకు తగలని పొగ

ఫిబ్రవరి 3, మంగళవారం

పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో వంట పొయ్యి పని ఈరోజుతో అయిపోయింది. ఆ పంట మానేశాక ఖాళీగా పడి ఉన్న ఆ గదిలోనే ఇక మిరప కోత కూలీలకు వంట. మేస్త్రీ ఏసురత్నం ఇనుప గొట్టాన్ని చెక్క దూలానికి మూరెడు ఎడంగా తీసి, కప్పు దాటించి పైకి లేపాడు. గాలి ఆడటానికి నేల దగ్గర గోడకు కంత పెట్టాడు. వంట చేసే మరియమ్మ కట్టెలు ముట్టించింది. గదిలో పొగ నిలవలేదు.

"ఇంత తెలిసినోరు, అమ్మగారి వంటింటికి ఒక గొట్టం పెట్టించలేకపోయారా అయ్యగారూ?" అని నవ్వింది.

"నోరు మూసుకోవే" అన్నాడు మేస్త్రీ.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. బ్యారన్‌లో పొగాకు ఆకుకు వేడే తగలాలి. పొగ వాసన పడితే వేలంలో ఎవరూ కొనరు. అందుకని ఏటా బ్యారన్ గొట్టాల అతుకులన్నీ నేనే తడిమి చూసి మట్టి మెత్తేవాణ్ణి. నా భార్య సుజాత ఇరవై ఏళ్ళు కూలీలకు కట్టెల పొయ్యి మీద వండింది. గొట్టం పెట్టించమని ఒకసారి అడిగింది కూడా. వచ్చే ఏడు చూద్దాం అన్నాను. ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయని చెప్పిన రోజు, ఇంట్లో పొగ తాగేవాళ్ళున్నారా అని డాక్టరు అడిగాడు. లేరండీ అన్నాను, కాస్త గర్వంగానే.

వెళ్ళబోతూ మరియమ్మ దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు.

"మీ ఇంట్లోనూ కట్టెలేనా?"

"మరింకేంటండీ, మాకు గ్యాస్ బండ ఎక్కడిది?"

రేపు పొద్దున్నే, ఆమె పొయ్యి ముట్టించే వేళకు, మేస్త్రీని తీసుకుని వాళ్ళింటికి వెళతాను. గొట్టం ఎక్కడ పెట్టాలో ఆ పొగలో కూర్చుని చూస్తాను.