డాబా మీద తెల్ల చొక్కా

సోమవారం
లాండ్రీ తెరిచీ తెరవగానే గొడవ. డాబా మీద ఆరేసిన తెల్ల దుప్పట్లన్నీ మళ్ళీ బూడిద రంగు. ఎదురుగా కరెంటు కంపెనీ పొగగొట్టం, దాని పక్కన బూడిద గుట్ట. గాలి ఎప్పుడూ మా వైపే! దగ్గుకు భయపడి అమ్మ సాయంత్రాలు డాబా ఎక్కడమే మానేసింది. నాకు అదే ఎక్కువ బాధ.
నిర్ణయం: రోజూ కంపెనీకి ఒక ఫోను. గుట్ట మీద టార్పాలిన్ పట్టాలు కప్పేదాకా, బొగ్గు తగ్గించి ఎండతో, గాలితో కరెంటు తీసేదాకా వదిలేది లేదు.
మొదటి ఫోను చేసేశాను. "పరిశీలిస్తాం" అన్నారు. శుభారంభం!

మంగళవారం
ఫోను చేశాను. చాలాసేపు పాట వినిపించి, "పరిశీలిస్తున్నాం" అన్నారు. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పురోగతి!
మా ఆవిడ: "వాళ్ళతో ఎంత మర్యాదగా మాట్లాడుతున్నారో. ఇకనుంచి నాతో కూడా ఫోన్లోనే మాట్లాడండి."

గురువారం
కంపెనీ ఆఫీసరే దుకాణానికి వచ్చాడు. నేను గొంతు సవరించుకునేలోపే ఆయన అందుకున్నాడు: "మా వాళ్ళ యూనిఫారాలన్నీ ఇకమీదట మీకే ఇద్దామనుకుంటున్నామండి."
కాఫీ తెప్పించాను. బూడిద మాట ఎత్తబోయి నీళ్ళు నమిలాను.
ఇవాళ ఫోను లేదు. మనిషే వచ్చాక ఫోనెందుకు?

శనివారం
ఫోను లేదు. తల గోక్కోవడానికి కూడా తీరిక లేదు. బట్టలు ఆరబెట్టే మిషను కొన్నాను. ఇక డాబాతో పనిలేదు, బూడిదతో గొడవ లేదు. మిషను కరెంటు బాగా తాగుతుందట. ఆ కరెంటు ఎక్కణ్ణించి వస్తుందో ఆలోచించలేదు.
అసలు బూడిద ఆగిపోతే యూనిఫారాలు ఇంతగా మాయవు కదా? ఛీ, ఇది రాసింది నేనేనా?
అమ్మ మిషను చుట్టూ తిరిగి చూసింది. "దుప్పట్లని లోపల పెట్టుకున్నావు సరే. నన్నెక్కడ పెడతావురా?" అని నవ్వింది. నవ్వుతూనే దగ్గింది.

సోమవారం
ఆఫీసరు తన తెల్ల చొక్కా పంపాడు. రేపు సభలో మాట్లాడాలట, స్వచ్ఛమైన కరెంటు గురించి.
మా ఆవిడ చొక్కా అందుకుంది. "మిషన్లో వద్దు. డాబా మీద ఆరేద్దాం."
"పని పోతుందే."
"పోతే పోనీండి. అత్తయ్య మళ్ళీ డాబా ఎక్కాలా వద్దా?"
ఆరేశాను.

మంగళవారం
ఆఫీసరు చొక్కా మడత విప్పి చూశాడు. "ఉతకలేదా?"
"రెండుసార్లు ఉతికాను సార్. డాబా మీద ఆరేశాను, అంతే."
ఆయన తలెత్తి పొగగొట్టం వైపు చూశాడు. చొక్కా పట్టుకెళ్ళాడు.
సాయంత్రం ధైర్యం చేసి ఫోను చేశాను. ఆయనే ఎత్తాడు. ఆ చొక్కాతోనే సభకు వెళ్ళాడట. "గుట్ట మీద పట్టాలు వచ్చే వారమే కప్పిస్తానండి. బొగ్గు సంగతి మాత్రం నా చేతిలో లేదు, పైవాళ్ళ చేతిలో ఉంది."
"అయితే పైవాళ్ళ చొక్కాలు కూడా పంపించండి సార్."
నవ్వాడు. పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు.
నిర్ణయం మళ్ళీ మొదలు: రోజూ ఒక ఫోను. డాబా మీద తాడు గట్టిగా బిగించాను. అమ్మ కుర్చీ తుడిచి, పట్టాలు కప్పే రోజు కోసం మెట్ల దగ్గర సిద్ధంగా పెట్టాను.