రంగు పోయిన నీళ్లు

పెద్దాపురం, మంగళవారం రాత్రి

లేతు షాపు నుంచి తెచ్చిన ఇనుప రజను యాసిడ్‌తో కడిగి డ్రమ్ములో నింపాం. మా అద్దకం షెడ్డు ఎర్రనీళ్లు ఈరోజు అందులోంచి తేటగా దిగి పొలం పక్క బోది కాలవలో పడ్డాయి. మా ఆయన పొంగిపోయారు. ఇన్నాళ్లూ మాతో పోట్లాడిన పక్కచేను సూర్రావుగారు కూడా మెత్తబడ్డారు.

"ఇంకేంటండీ, రేపట్నించి గేదెలకి మీ బోదిలో నీళ్లే పడతాను" అన్నారు.

రంగు విరిగింది సరే, విరిగి ఇంకే విషమైందో? ల్యాబు రిపోర్టు ఇంకా రాలేదు. ఆ మాటే చెప్పబోతే మా ఆయన నన్ను పక్కకు లాగారు.

"రిపోర్టు వచ్చేదాకా నోరు మెదపకు."

ఎర్రగా ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లు గేదెలకు ఎవరూ పట్టలేదు. తెల్లారి గేదెలు వచ్చేలోపు గుప్పెడు ఎర్ర రంగు తెచ్చి బోదిలో నేనే కలిపేస్తాను.