పక్కింటి హీబ్రూ

అక్టోబర్ 14, మంగళవారం

వర్క్ పర్మిట్ ఇవాళ కూడా రాలేదు. వచ్చేదాకా లాగిన్ అవ్వొద్దని ఆఫీస్‌లో చెప్పేశారు. మా ఆయన కిరణ్ పనికి వెళ్లాక ఇల్లంతా తిరుగుతున్నాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

పక్కింటి పెద్దావిడ తోవా ఇంకా రిహాబ్‌లోనే ఉన్నారు. స్ట్రోక్ వచ్చి వంటింట్లో పడిపోయినప్పుడు 911కి కాల్ చేసింది నేనే. యాభై ఏళ్లుగా మిషిగన్‌లో మాట్లాడిన ఇంగ్లిష్ ఆ ఒక్క పూటలో పోయింది. చిన్నప్పటి హీబ్రూ మిగిలింది, అదీ ముక్కలుగా. అలా జరుగుతుందట కొందరికి. ఒక్కగానొక్క కొడుకు డానియెల్ ఎక్కడో దూరంగా ప్లేనోలో ఉంటాడు. అతనికి హీబ్రూ రాదు. అమెరికా పిల్లాడిలా పెరగాలని తోవాయే నేర్పలేదు.

మంచులో కారు నడపడం నాకు నేర్పింది ఆవిడే. ఉమామహేశ్వరి అనడానికి నోరు తిరక్క ఉమా అనేవారు. వాళ్ల భాషలో ఉమా అంటే జాతి అట. "రా నా జాతీ, కాఫీ తాగుదాం" అని నవ్వేవారు.

అక్టోబర్ 16

యూదుల ప్రార్థనామందిరం, సినగాగ్ నుంచి ఒకాయన వచ్చి ప్రార్థన చదివి వెళ్లాడట. ఆయనకి హీబ్రూలో ప్రార్థనలొచ్చు, మాట్లాడటం రాదు. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పెడితే తోవా ఫోన్ తోసేశారట. రిహాబ్ నుంచి ఇంటికొచ్చి హీబ్రూ యాప్ డౌన్‌లోడ్ చేశాను.

అక్టోబర్ 20

యాప్ "అబ్బాయి ఆపిల్ తింటున్నాడు" దగ్గరే ఉంది. రిహాబ్‌లో అదెవరికి కావాలి? నేనే వెతుక్కున్నాను. మాయిమ్, నీళ్లు. లెహెమ్, రొట్టె. సవ్లనూత్, ఓర్పు. ఈ మాట మోయడం అనే ధాతువు నుంచి పుట్టిందట. మూటలు మోసే కూలీకీ, బాధకీ అదే ధాతువు.

నాకు సవ్లనూత్ లేదు.

అక్టోబర్ 24

తూకీ అంటే చిలుక. పాత హీబ్రూలో నెమలి అని చెప్తారు. ఓడలెక్కి మన దక్షిణాది నుంచి వెళ్లిన మాటే అని కొందరు పండితులంటారు. తమిళంలో నెమలి పింఛాన్ని తోగై అంటారు, మనకి తోక. ఎగిరి గంతేయాలనిపించింది. కిరణ్‌కి చెప్తే, పర్మిట్ గురించి లాయర్‌కి మెయిల్ పెట్టావా అని అడిగాడు.

చిలుక బొమ్మ పట్టుకెళ్లి "తూకీ" అన్నాను. తోక మీద వేలు పెట్టి "తోక" అన్నాను. తోవా మూతి ఒక పక్కకే నవ్వింది. అంతలోనే ముఖం ముడుచుకుని "కోఎవ్, కోఎవ్" అన్నారు.

కాఫీ అడుగుతోందని అక్కడ ఆవిడ పనులు చూసే ఎయిడ్ చెప్పింది. రోజూ ఇదే గోలట. తెచ్చిన కప్పుని తోవా విసిరికొట్టారు. దుప్పటి తడిసింది.

అక్టోబర్ 25

ఫ్లాస్క్‌లో యాలకులు వేసిన కాఫీ పట్టుకెళ్లాను. ఆవిడకి ఇష్టమైనది. అదీ తోసేశారు. నా వైపే చూస్తూ ఏడ్చారు.

అక్టోబర్ 27

డానియెల్ కాల్ చేశాడు. థెరపీకి లేవట్లేదు, కప్పులు విసురుతోంది, మతి తప్పిన పెద్దవాళ్లని ఉంచే మెమరీ కేర్‌కి మార్చడం మంచిదని రిహాబ్‌వాళ్లు అంటున్నారట. శుక్రవారం వచ్చి సంతకం పెడతాడు. "మా అమ్మకి ఇంక మనమెవరమో తెలీదేమో" అన్నాడు.

అక్టోబర్ 28, పొద్దున్నే

యాప్‌లో కొత్త పాఠం. శరీరం. తల, చెయ్యి, కడుపు. దాని కింద: కోఎవ్ లీ. నాకు నొప్పిగా ఉంది.

కోఎవ్.

నొప్పి అంటుంటే కాఫీ పోశాం. నేను కూడా.

ముఖం కూడా కడుక్కోకుండా కారు తీశాను.

అదే రోజు, సాయంత్రం

మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని "ఏఫో కోఎవ్?" అని అడిగాను. ఎక్కడ నొప్పి అని. దారంతా అదే అనుకుంటూ వెళ్లాను. ఆవిడ బాగున్న ఎడమ చేత్తో నా చెయ్యి లాగి కుడి తుంటి మీద పెట్టారు. అక్కడే నొక్కి ఉంచారు.

స్ట్రోక్ తర్వాత ఆ పక్క నొప్పులు మామూలే అంది నర్స్.

"ఎక్స్‌రే తీయండి."

"మీరు ఫ్యామిలీ కాదు కదా."

"ఫ్యామిలీ ఫోన్‌లో ఉంది, మాట్లాడండి" అని డానియెల్‌ని స్పీకర్‌లో పెట్టాను. అతను అరిచాడు. నేనూ అరిచాను, సగం తెలుగులో. ఎక్స్‌రే తీసేదాకా కుర్చీలోంచి లేవలేదు.

తుంటి ఎముక చిట్లింది. వంటింట్లో పడ్డప్పటిదే అయ్యుండాలన్నారు. ఇన్నాళ్లూ దానిమీదే లేచి నిలబడమన్నారు. నిలబడనంటే మొండితనం అన్నారు.

అక్టోబర్ 30

నిన్న ఆస్పత్రిలో సర్జరీ అయింది. బాగానే జరిగిందన్నారు. మెమరీ కేర్ మాట ఇంకెవరూ ఎత్తలేదు.

డానియెల్ వచ్చేశాడు. తల నెరిసిన మనిషి, కెఫెటీరియాలో నా ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. నాలుగు మాటలు నేర్పమని అడిగాడు. వాళ్లమ్మ భాషలో. నన్ను! నాకొచ్చిందే గుప్పెడు. సూప్ చల్లారిపోయేదాకా చెప్పించాను. అతని ఉచ్చారణ నాకంటే ఘోరం.

పర్మిట్ సంగతి ఇవాళ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు గుర్తొచ్చింది.

అక్టోబర్ 31

మందుల మగత తగ్గి తోవా కళ్లు తెరిచారు. డానియెల్ మంచం మీదికి వంగి "అనీ పో" అన్నాడు. వాళ్ల భాషలో, నేనిక్కడే ఉన్నానని. మన చెవికి, ఆ మాట అనేసి వెళ్లిపొమ్మని.

ఆవిడ అతని చొక్కా గుప్పిట్లో పట్టుకున్నారు.

మళ్లీ అన్నాడు. పోలేదు.