అద్దాల్లో తప్పు లేదు

బామ్మర్దికి,

బావ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అక్కా కులాసా. దీవెనా కులాసా అయిపోయాయి గనక అసలు విషయానికొస్తాను. రెండు నెలల కిందట నువ్వు చేసి పంపిన కళ్లజోడులో వెంట్రుక ఉంది.

కుడి అద్దంలో ఉంది. నల్లగా, వంకరగా, అచ్చం కామాలా. పక్కన రెండు చుక్కలు కూడా ఉన్నాయి. తుడిస్తే పోవు. వాటివైపు చూద్దామంటే, పని చెబుతారేమోనని తప్పుకునే పెద్దమనిషిలా పక్కకు జారుకుంటాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. కామా ఎక్కడుందో ఎక్కడ లేదో చెప్పడమే నా బతుకుతెరువు. ఇప్పుడు ప్రతి వరుసలోనూ ఒకటి కనిపిస్తోంది. నిన్న కంపోజిటర్ వచ్చి, "కామా ఎక్కడుంది సార్, ఏదీ చూపించండి" అన్నాడు. నేను వేలు పెట్టేలోపు అది పక్క పేజీకి పోయింది.

ఇంకొకటి. కుడి అంచున ఉండుండి తళుక్కుమంటోంది, ఎవరో ఫొటో తీసినట్టు. మొదటిరోజు జుట్టు సవరించుకున్నాను కూడా.

అద్దం మార్చి పంపు.

నీ బావ

తా.క.: ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మాట్లాడే తప్పులు దిద్దడానికి వీలుండదు. నీ కిందటి ఉత్తరంలో మూడున్నాయి. దిద్ది జతచేశాను.

* * *

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. ఇరవై రెండేళ్లుగా కళ్లజోళ్ల దుకాణం నడుపుతున్నాను. వెంట్రుకతో ఒక్క అద్దం నా గడప దాటలేదు. నా నెత్తిమీదే వెంట్రుకలు లేవు, అద్దంలోకి ఎక్కడినుంచి వస్తాయి?

తళుకంటారా, మీ బల్లకు ట్యూబులైటు ఏ పక్కనుందో చూసుకోండి. కుడిపక్కనే ఉంటుంది. ఆ వెలుగు అద్దం అంచుకు తగిలి మెరుస్తోంది, అంతే. ఊళ్లో ఇంతవరకూ నా అద్దాలమీద మాట పడలేదు. ఆ కొరత సొంత బావగారే తీర్చారు.

అయినా కొత్త జోడు పంపుతున్నాను. దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి నాలుగుసార్లు చూశాను, మచ్చ లేదు.

మాట పడ్డ మీ బామ్మర్ది

తా.క.: మీరు పట్టిన మూడు తప్పుల్లో రెండోది తప్పు కాదు. నిఘంటువు చూసుకోండి.

* * *

బామ్మర్దికి,

దీవెనలు. రెండోది తప్పే. నిఘంటువు చూశాను. చూడటానికి గంట పట్టింది, ప్రతి మాట మీదా ఒక ఈగ వాలింది మరి.

కొత్త జోడు అందింది. వెంట్రుక సామాను సర్దుకుని పాత అద్దంలోంచి కొత్త అద్దంలోకి ఇల్లు మారింది. అనుమానమొచ్చి జోడు తీసి చూశాను. ఉంది. తెల్లగోడ వైపు చూశాను, ఇంకా బాగా ఉంది. కళ్లు మూసుకుంటే ఈగలు పోయాయి గానీ తళుకు పోలేదు. రెప్పల వెనక ట్యూబులైటు ఎవరు పెట్టారో నువ్వే చెప్పాలి.

పరువు పోయింది. లెక్కల పుస్తకం ప్రూఫులొచ్చాయి. చుక్కలన్నీ నా కంటివే అనుకుని దశాంశ బిందువులు మూడు కొట్టేశాను. రెండున్నర లీటర్ల నూనె ఇరవై అయిదు లీటర్లయింది. ఒక ఇల్లాలు అంత నూనెనూ నాలుగు సీసాల్లో పోసింది. పిల్లలు లెక్క ఎలా చేసేవాళ్లో. అచ్చుకు పోకముందే యజమాని పట్టుకున్నాడు. ఆ చుక్కలు మూడూ తనే పెట్టి, కాగితాలు నా బల్లమీద ఉంచి వెళ్లాడు. అదే బాధ.

నీ బావ

తా.క. (అక్క రాస్తోంది): తమ్ముడూ, మీ బావ కంచం ముందు కూర్చుని ఈగల్ని తోలుతున్నారు. ఇంట్లో ఈగ లేదు. రెండుసార్లు నేల తుడిచి చూపించాను. ఆస్పత్రికి వెళదామంటే, "మీ తమ్ముడుండగా ఆస్పత్రెందుకు" అంటారు. నువ్వు చెప్పరా. నీ మాటైతే వింటారు.

* * *

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివాక గుండెమీద బరువు దిగింది. జోడు తీసినా కనిపిస్తున్నాయంటే అద్దాల్లో తప్పు లేదన్నమాట. ఈ సంగతి మీ చేతిరాతతోనే వచ్చింది గనక ఉత్తరం భద్రంగా దాచుకున్నాను.

ఇక ఆ నలుసులు. ఏమీ కాదు. వయసు మీదపడుతోంది, పైగా మీది చిన్న అక్షరాల పని. నా దగ్గరికొచ్చే వాళ్లలో పదిమందికి నలుగురు ఇదే చెబుతారు. ఏమీ కాదు. ఆస్పత్రికి వెళితే కంట్లో చుక్కలు వేసి, పూటంతా కూర్చోబెట్టి, చివరికి ఏదో ఒక పేరు పెడతారు. పేరు పెట్టేదాకా ఏ జబ్బూ లేదు బావగారూ. కళ్లకు విశ్రాంతినివ్వండి. అక్కను కంగారు పడొద్దనండి. ఏమీ కాదు.

మీ బామ్మర్ది

తా.క.: తళుకు రోజుకెన్నిసార్లు వస్తోంది? తల తిప్పినప్పుడా, ఊరికే కూర్చున్నప్పుడా? నలుసులు పెరుగుతున్నాయా, ఉన్నన్నే ఉన్నాయా? ఊరికే అడిగాను. వివరంగా రాయండి.

* * *

బామ్మర్దికి,

దీవెనలు. నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. లెక్కపెట్టడం మానేశాను. రెండు రకాలుగానూ. పెరుగుతున్నాయి.

"ఏమీ కాదు" అని నువ్వు మూడుసార్లు రాశావు. ఒకసారి రాసుంటే నమ్మేవాణ్ణి. మూడుసార్లు రాసినా నమ్మాను, నువ్వు కళ్ల మనిషివని.

మొన్న మధ్యాహ్నం కుడికంట్లో మసి రాలింది. పొగగొట్టం దులిపినట్టు ఒక్కసారిగా నల్లటి రేణువులు, పైనుంచి కిందికి. ఇవాళ పొద్దున కుడివైపు నల్లటి తెర ఒకటి దిగింది. తోస్తే పోయే తెర కాదు. ఎడమకన్ను మూసి ప్రూఫు చూస్తే వరుసల చివర్లు లేవు. మన వాక్యాల్లో క్రియ ఉండేదే చివర కదా. అందరూ ఏదో చెయ్యబోయి ఆగిపోయారు. కథలో తండ్రి కొడుకును చూసి అని ఉంది. చూసి ఏం చేశాడో కనబడలేదు. కొట్టాడో, ముద్దుపెట్టుకున్నాడో.

నాకు భయంగా ఉందిరా. మీ అక్కకు తెర సంగతి చెప్పలేదు. ఆస్పత్రికి పోనా? నువ్వు పో అంటే పోతాను.

నీ బావ

తా.క.: ఈసారి నీ ఉత్తరంలో తప్పులు కనబడలేదు. లేవని మాత్రం అనను.

* * *

బావగారికి,

నమస్కారాలు. తెర అన్నారు. ఆ ఫ్రేము కాడ కాస్త వెడల్పు. పక్కచూపుకు అడ్డొచ్చి ఉంటుంది. సన్నకాడ ఫ్రేము ఈ పార్సిల్లో పెట్టాను.

ఆస్పత్రికి వద్దని నేననడం లేదు. వెళ్లమనీ అనడం లేదు. ఆదివారం నేనే వచ్చి చూస్తాను. అంతవరకూ ఆగండి. నాలుగు రోజులే కదా.

మీ బామ్మర్ది

తా.క.: మసి రాలినప్పుడు నొప్పి పుట్టిందా, లేక ఏమీ తెలియకుండానే రాలిందా?

* * *

తమ్ముడికి,

చెప్పేది మీ బావ, రాసేది నేను. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

బామ్మర్దీ, బోర్లా పడుకుని చెబుతున్నాను. సోమవారం ప్రెస్సులో బీరువా తలుపు కనబడక గుద్దుకున్నాను. యజమానే బండెక్కించి కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. (సన్నకాడ ఫ్రేము పెట్టుకునే గుద్దుకున్నారు.) కంటి లోపలి గోడకు కాగితంలా అంటుకుని ఒక పొర ఉంటుందట. అది చిరిగి ఊడిపోయింది. కోసి, అతికించి, లోపల గాలిబుడగ పెట్టారు. ఆ బుడగ పొరను అదిమి పట్టాలంటే పదిరోజులు తల ఎత్తకూడదు. జీవితమంతా తలవంచుకుని బతికినవాణ్ణి, పదిరోజులు ఒక లెక్కా. (రాత్రంతా మెడ పట్టేసి మూలిగారు.)

"మెరుపులు మొదలైనప్పుడే వచ్చుంటే చిన్న లేజరుతో పోయేది. తెర దిగిన రోజు వచ్చినా నడిమి చూపు దక్కేది" అన్నాడు డాక్టరు. ఇప్పుడు కుడికంటితో వేళ్లు లెక్కపెట్టగలిగితే చాలట. ఎడమకంట్లో కూడా పొర ఒకచోట పలచబడితే లేజరు కొట్టారు. అది నిలుస్తుందన్నారు.

ప్రెస్సునుంచి కంపోజిటర్ వచ్చాడు. "తప్పులు పోతే పోనివ్వండి సార్, మీరు వచ్చేయండి" అన్నాడు. ఇన్నేళ్లలో వాడు నాతో అన్న మొదటి మంచిమాట. అప్పుడు తెలిసింది నా ఉద్యోగం పోయిందని.

(ఇది ఆయన చెప్పింది కాదు, నేను రాస్తున్నాను. "ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా" అని డాక్టరు అడిగాడు. "కళ్ల గురించి తెలిసినవాళ్లు మాకెవరూ లేరండీ" అన్నారు మీ బావ. "మరి ఈ జోడు ఎవరు చేశారు" అంటే, "దారిలో ఎవరో" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆ జోడు తీసి సంచిలో పెట్టేశాను. ఆదివారం రెండు పూటలా నీకు కంచం పెట్టి చూశాం. ఎందుకు రాలేదురా?)

మీ అక్కాబావలు

తా.క.: బావ చెబుతున్నారు, ఇకనుంచి నీ ఉత్తరాలు చదివి వినిపించేది నేనేనట. నీ తప్పులకు నా గొంతు పోతుందట.

* * *

బావగారికి,

ఏం మొహం పెట్టుకుని రాయాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను.

ఆదివారం బయల్దేరాను. బస్సెక్కాను. రెండో స్టాపులో దిగి ఇంటికి నడిచి వచ్చేశాను. దీపం పట్టుకుని నేను మీ కంట్లోకి చూస్తే మీరు నా కంట్లోకి చూస్తారు. అది నావల్ల కాలేదు.

మీ మొదటి ఉత్తరం రావడానికి నెల ముందునుంచే నా ఎడమకంట్లో నలుసులున్నాయి. మీకు కామా, నాకు సాలెగూడు. తళుకు కూడా ఉంది. కళ్లజోళ్లవాడి కళ్లే పోతున్నాయని తెలిస్తే నా గడప ఎవరు తొక్కుతారు? అందుకని రోజూ దుకాణంలో అద్దం ముందు నిలబడి ఏమీ కాదు, ఏమీ కాదు అని చెప్పుకునేవాణ్ణి. మీకు రాసింది ఆ మాటే. మీరు నమ్మారు. నేను నమ్మలేదు.

పని నేర్చుకునేటప్పుడే చెప్పారు మాకు: నలుసులూ మెరుపులూ కలిసొస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి. ముక్కూమొహం తెలియనివాళ్లను ఎంతోమందిని పంపాను. మిమ్మల్ని పంపితే, ఆ తర్వాత నేనూ వెళ్లక తప్పదు.

అక్క ఉత్తరం అందిన పూటే వెళ్లాను. చుక్కలు వేశారు, కూర్చోబెట్టారు, చూశారు. ఏమీ లేదట. కంటి లోపలి జిగురు వయసుతో ముడుచుకుందట. పొర ఎక్కడా చిరగలేదు. ఆరు వారాల తర్వాత మళ్లీ చూపించుకోమన్నారు. "అదృష్టవంతులు, ఏమీ కాదు" అన్నాడు డాక్టరు. అక్కడే కూర్చుని ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుని నర్సు భుజం తట్టింది.

రేపు దుకాణం మూసి వస్తున్నాను. ఈసారి మధ్యలో దిగను. తలుపు తీయకపోతే అరుగుమీద కూర్చుంటాను.

బామ్మర్దినని రాసుకోవడానికి చెయ్యి రావడం లేదు.

తా.క.: ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలని, అక్కకు చెప్పొద్దని రాయబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, చదువుతున్నది నువ్వే కదా అక్కా. ఇదంతా చింపేసి ఇంకోలా రాద్దామని కొత్త కాగితం తీశాను. మళ్లీ లోపల పెట్టేశాను. గొంతు తగ్గించకు. రాసింది రాసినట్టు ఆయనకు వినబడేలా చదువు.